రెక్క లేస్తలేదు

మన దిక్కు చేతిని, భుజాన్ని కలిపి రెక్క అంటాం. రెక్కాడితే గాని డొక్కాడదు అంటాం. మరి ఆ రెక్కే ఆడకపోతే?

ఈ పాఠంలో ముగ్గురు వస్తారు. బీడీలు చేసే అక్క. చేపలు పట్టే కాక. చెరుకు మోపులు ఎత్తే తమ్ముడు. ముగ్గురూ పాఠం కోసం అనుకున్న మనుషులే. కానీ ఇటువంటి వాళ్ళు మన ఊళ్ళల్లో ప్రతి వాడకట్టులో ఉంటారు. ముగ్గురూ చెప్పే మాట ఒక్కటే. "రెక్క లేస్తలేదు." కానీ ముగ్గురి జబ్బు ఒక్కటి కాదు. ఆ సంగతి డాక్టరుకు ఎలా తెలిసింది? అదే ఈ పాఠం.

అక్క బాధ

అక్కది పోచంపాడు. వయసు 48 ఏండ్లు. చిన్నప్పటి నుంచీ బీడీలు చేస్తున్నది. ఒడిలో చాట. చాటలో తునికాకు, తంబాకు. మెడ వంచి కూర్చుంటే పొద్దు గూకేదాకా లేవదు.

ఆరు నెలల కింద కుడి భుజం నొప్పి మొదలయింది. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే మెలకువ వచ్చేది. తర్వాత తర్వాత చెయ్యి పైకి పోవడం మానింది. జడ వేసుకోరాదు. వీపు రుద్దుకోరాదు. అటక మీది గిన్నె అందదు.

ఊళ్ళో సూది వేయించుకుంది. సూది వేసిన నాడు తగ్గేది. మూడో నాడు మళ్ళీ మొదలు. ఏం సూది వేశారో అక్కకు తెలియదు. చీటీ కూడా లేదు. ఒకామె మాలిష్ చేసింది. చెయ్యి గట్టిగా లాగి తిప్పింది. ఆ రాత్రంతా అక్క ఏడ్చింది. "నరం పట్టింది" అన్నారొకరు. "వాత పెట్టిస్తే పోతది" అన్నారు ఇంకొకరు.

ఆరు నెలల్లో చాలా మంది సలహా చెప్పారు. ఆ చేతిని మెల్లగా పట్టుకుని, అది ఎంత దూరం పోతుందో చూసినవారు మాత్రం ఒక్కరూ లేరు.

కాక బాధ

కాకదీ పోచంపాడే. వయసు 62 ఏండ్లు. శ్రీరాంసాగర్ నీళ్ళల్లో వల వేసి బతుకుతాడు. మూడు వారాల కింద ఒడ్డు మీద పాచి బండ పైన కాలు జారింది. కుడి చెయ్యి ఆనించి పడ్డాడు. భుజంలో ఏదో టప్పుమన్నది. ఆ నాటి నుంచి చెయ్యి లేవదు. వల విసరాలంటే చెయ్యి నెత్తి దాటాలి కదా. ఇప్పుడు కొడుకు ఒక్కడే నీళ్ళల్లోకి పోతున్నాడు.

కాక ఫోటో తీయించాడు. అదే, ఎక్స్‌రే. ఎముక విరగలేదన్నారు. "ఎముక మంచిగనే ఉన్నదట. మరి చెయ్యి ఎందుకు లేస్తలేదు?" అని కాక అందరినీ అడుగుతున్నాడు. మంచి ప్రశ్నే అది.

ఇద్దరూ కలిసి సర్కారు దవాఖానకు బయలుదేరారు. బోధన్ దిక్కు నుంచి అక్క తమ్ముడు ఆమెను చూడవచ్చాడు. అతడూ వెంట నడిచాడు. ఎందుకో తర్వాత చూద్దాం.

భుజం లోపల ఏముంది?

ఒక చిన్న ప్రమిద తీసుకోండి. దాన్ని పక్కకు తిప్పి, అందులో పెద్ద నిమ్మకాయ ఆనించండి. భుజం కీలు అట్లా ఉంటుంది. చేతి ఎముక పై గుండు నిమ్మకాయ. వీపు మీది రెక్క ఎముకలో ఉన్న గుంట ప్రమిద. గుంట చిన్నది, గుండు పెద్దది. అందుకే చెయ్యి అన్ని దిక్కులా తిరుగుతుంది. అందుకే తొందరగా జారుతుంది కూడా.

ఈ గుండు జారకుండా చుట్టూ నాలుగు కండలు పట్టుకుని ఉంటాయి. ప్రతి కండ చివర గట్టి పగ్గం ఉంటుంది. ఆ పగ్గం ఎముకకు అతుక్కుని ఉంటుంది. కండ లాగితే పగ్గం లాగుతుంది, చెయ్యి కదులుతుంది. మనం దీన్ని కూడా నరం అనేస్తాం. నరం వేరు. నరం కబురు మోస్తుంది. పగ్గం బరువు లాగుతుంది.

కీలు చుట్టూ ఒక పలుచని సంచి కూడా ఉంటుంది. చెయ్యి ఎత్తినప్పుడు ఆ సంచి సాగాలి.

ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది. పగ్గం కనిపించదు. సంచి కనిపించదు. కాక ప్రశ్నకు సగం జవాబు ఇదే.

గేటు ఎందుకు లేవలేదు?

పోచంపాడు దగ్గర గోదావరి మీద శ్రీరాంసాగర్ కట్ట ఉంది. 1963 జూలై 26 నాడు నెహ్రూ గారు దానికి పునాది రాయి వేశారు. కట్టకు 42 గేట్లు ఉన్నాయి. వానకాలం గేట్లు ఎత్తినప్పుడు మీరు చూసే ఉంటారు.

ఒక గేటు లేవలేదు అనుకోండి. కారణం రెండు రకాలుగా ఉండవచ్చు. గేటును లాగే తాడు తెగి ఉండవచ్చు. లేదా తాడు బాగానే ఉండి, గేటే ఇరుక్కుని ఉండవచ్చు. ఎలా తెలుసుకోవాలి? వేరే క్రేను తెచ్చి గేటును ఎత్తి చూడాలి. సులువుగా లేచిందా, గేటు బాగున్నట్టు. తప్పు తాడుది. క్రేను పెట్టినా లేవలేదా, గేటు ఇరుక్కున్నట్టు.

భుజం పరీక్షలో అన్నిటికన్నా పెద్ద పరీక్ష ఇదే. ముందు మనిషిని తనంతట తాను చెయ్యి ఎత్తమంటారు. తర్వాత చెయ్యి వదులుగా పెట్టమని, డాక్టరే ఎత్తి చూస్తారు. ఈ రెండూ పోల్చి చూస్తే సగం జబ్బు బయటపడుతుంది. దీనికి మిషన్ అక్కర్లేదు. పైసలు అక్కర్లేదు. ఓపిక కావాలి.

దవాఖానలో

డాక్టరమ్మ ముందు అక్కను పిలిచింది.

"ఎప్పటిసంది నొస్తుందమ్మా? ఎక్కడ నొస్తుందో చూపెట్టు."

అక్క ఎడమ అరచేతితో కుడి జబ్బను నిమిరి చూపింది. చూపే తీరు కూడా ఒక గుర్తే. ఒక్క వేలు పెట్టి భుజం పై కొసన చూపితే, అక్కడ ఉండే చిన్న కీలు మీద అనుమానం. అరచేతితో జబ్బ నిమిరితే, లోపలి పెద్ద కీలు గాని, దాని పగ్గాలు గాని. మెడ నుంచి మోచేయి దాటి వేళ్ళ దాకా చూపుతూ "తిమ్మిరి, చీమలు పాకినట్టు" అంటే, మెడ మీద అనుమానం.

డాక్టరమ్మ తెర వేయించింది. నర్సమ్మను పక్కన నిలబెట్టుకుంది. రెండు భుజాలూ కనబడేటట్టు రవిక జరపమన్నది. భుజం పరీక్ష బట్ట మీద నుంచి సరిగా కాదు. ఆడవాళ్ళు తెర అడగవచ్చు. పక్కన ఒక ఆడమనిషి ఉండాలని అడగవచ్చు. అడిగితే తప్పు లేదు.

ముందు చూసింది. రెండు భుజాలు సమంగా ఉన్నాయా? ఎక్కడైనా కండ కరిగి గుంట పడిందా? తర్వాత తాకి చూసింది. వేడి ఉందా, వాపు ఉందా? తర్వాత మెడ తిప్పమన్నది. కుడికి, ఎడమకు, పైకి, కిందికి. బీడీలు చేసేవారికి దినమంతా మెడ వంగే ఉంటుంది. భుజం నొప్పి అని వచ్చినవారిలో కొందరికి అసలు బాధ మెడలో ఉంటుంది. అక్కకు మెడ తిప్పితే పట్టినట్టు ఉంది గాని, చేతిలోకి నొప్పి దిగలేదు.

"ఇప్పుడు రెండు చేతులూ ముందునుంచి పైకి ఎత్తమ్మా."

ఎడమ చెయ్యి చెవికి ఆనింది. కుడి చెయ్యి భుజం ఎత్తు కన్నా కొంచెం పైకి పోయి ఆగింది. అక్క నడుము వెనక్కి వంచి, ఇంకా పైకి పోయినట్టు చేయబోయింది. డాక్టరమ్మ నవ్వింది. "నడుము కాదు, చెయ్యి."

"ఒక చెయ్యి వెనకకు పెట్టి వీపు మీద ఎంత పైకి పోతదో చూడు."

ఎడమ బొటనవేలు రెక్క ఎముక దాకా పోయింది. కుడి చెయ్యి నడుము దగ్గరే ఆగిపోయింది.

ఇక క్రేను పరీక్ష. "చెయ్యి నాకు వదిలెయ్యి" అని డాక్టరమ్మ మెల్లగా ఎత్తింది. చెయ్యి మళ్ళీ అక్కడే ఆగింది. ఆమె ఎత్తినా అంతే. తర్వాత అక్క రెండు మోచేతులను నడుముకు ఆనించి, మోచేయి దగ్గర వంచి, ముంజేతులను తలుపు రెక్కల్లాగా బయటికి తెరిచింది. ఎడమ తలుపు బాగా తెరుచుకుంది. కుడి తలుపు తెరుచుకోలేదు.

ఈ తలుపు పరీక్షను గుర్తుపెట్టుకోండి. తనంతట తాను తిప్పినా తెరుచుకోదు, డాక్టరు తిప్పినా తెరుచుకోదు, ఎక్స్‌రేలో ఎముక అరుగుదల లేదు అంటే, కీలు సంచి దగ్గరపడి గట్టిపడ్డట్టు. దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. అంటే గడ్డకట్టిన భుజం. ఆ పేరు 1934లో అమెరికా డాక్టరు కాడ్‌మన్ పెట్టాడు. గేటు ఇరుక్కుంది, తాడు తెగలేదు.

షుగర్ చూపించుకున్నవా?

"అమ్మా, షుగర్ పరీక్ష ఎప్పుడన్న చేయించినవా?" అని డాక్టరమ్మ అడిగింది.

అక్కకు అర్థం కాలేదు. భుజం నొప్పికి షుగర్‌తో ఏం పని?

పని ఉంది. ఫ్రోజెన్ షోల్డర్ ఎక్కువగా 40 నుంచి 60 ఏండ్ల మధ్య వస్తుంది. మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళకు కొంత ఎక్కువ. షుగర్ జబ్బు ఉన్నవారికి, లేనివారి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కొందరికి షుగర్ ఉన్న సంగతే భుజం నొప్పితో బయటపడుతుంది.

మరునాడు పరగడుపున అక్క రక్తం ఇచ్చింది. పరగడుపున 126 గాని, అంతకన్నా ఎక్కువ గాని వస్తే షుగర్ ఉందని అనుమానించి మళ్ళీ చూస్తారు. అక్కకు 190 వచ్చింది. రెండోసారి చూసినా ఎక్కువే.

ఆరు నెలలుగా సూదులు వేయించుకున్న భుజం, అసలు ఈ మాట చెప్పాలని చూస్తున్నది. వినేవారు లేరు.

ఇంకో సంగతి. ఇటువంటి భుజానికి కొన్నిసార్లు కీలులోకి స్టెరాయిడ్ సూది వేస్తారు. నొప్పి తగ్గుతుంది. కానీ ఆ మందు కొన్ని దినాలు షుగర్‌ను పెంచుతుంది. షుగర్ చూడకుండా, చీటీ రాయకుండా, ఏదో ఒక సూది వేయించుకోవడం ఎందుకు మంచిది కాదో ఇప్పుడు తెలిసింది కదా.

"ఎన్ని దినాలల్ల తగ్గుతది డాక్టరమ్మా?" అని అక్క అడిగింది.

డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. "దినాలు కాదమ్మా. ముందు కొన్ని నెలలు నొప్పి. తర్వాత కొన్ని నెలలు బిగువు. తర్వాత మెల్లగా విడుస్తది. ఏడాది నుంచి మూడేండ్లు పట్టొచ్చు. కానీ గుంజి తిప్పొద్దు. గోడ పట్టుకొని రోజూ మెల్లగా సాగదియ్యాలె. షుగర్ అదుపుల పెట్టుకోవాలె."

కాక వంతు

కాక తనంతట తాను చెయ్యి ఎత్తలేకపోయాడు. భుజం మాత్రం చెవి దాకా ఎగిసింది, చెయ్యి వెంట రాలేదు. "చూసిండ్రా, నాకూ అక్క లెక్కనే" అన్నాడు.

డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఎత్తింది. చెయ్యి నొప్పితోనే గాని, చెవి దాకా పోయింది! తలుపు కూడా తెరుచుకుంది. కాక తన చెయ్యి తానే చూసుకుని ఆశ్చర్యపోయాడు. గేటు బాగానే ఉంది. మరి తప్పు దేనిది?

"కాకా, పక్క నుంచి చెయ్యి పైకి పెడుతున్న. ఇప్పుడు వదుల్త. నువ్వు మెల్లగ కిందికి దించు." కింద తన చెయ్యి అడ్డం పెట్టుకునే వదిలింది. సగం దిగేసరికి చెయ్యి ధబ్బున పడింది. కాక ఆపలేకపోయాడు.

తర్వాత రెండు చేతులూ ముందుకు, కొంచెం పక్కకు చాపమన్నది. చెంబులో నీళ్ళు పారబోసినట్టు బొటనవేళ్ళు కిందికి తిప్పమన్నది. పై నుంచి మెల్లగా నొక్కింది. ఎడమ చెయ్యి నిలిచింది. కుడి చెయ్యి వంగిపోయింది. ఇక్కడ డాక్టర్లు రెండు సంగతులు విడదీసి చూస్తారు. నొప్పి వల్ల వదిలేశాడా? బలం లేక వదిలేశాడా? నొప్పి ఒక్కటే ఉంటే పగ్గం వాచి ఉండవచ్చు. బలమే లేకపోతే పగ్గం తెగి ఉండవచ్చు.

"పగ్గం తెగిందని అనుమానం కాకా. నిజామాబాద్ పెద్ద దవాఖానకు రాసిస్త. స్కానింగ్‌ల పగ్గం కనపడతది."

"గంత దూరం ఎందుకమ్మా? ఒక్క సూది వెయ్యి. సీజన్ అయినంక పోత."

డాక్టరమ్మ ఒప్పుకోలేదు. తెగిన పగ్గాలన్నిటికీ ఆపరేషన్ అక్కర్లేదు. పెద్ద వయసువారిలో మెల్లమెల్లగా అరిగి తెగినవి, కసరత్తుతోనే చాలా వరకు కుదురుతాయి. కానీ బాగున్న చెయ్యి, పడ్డ నాటి నుంచి లేవకపోతే సంగతి వేరు. తెగిన పగ్గం నెలలు గడిచిన కొద్దీ వెనక్కి ముడుచుకుంటుంది. దాని కండ కరిగిపోతుంది. అప్పుడు కుట్టుదామన్నా అందదు. కాకకు ఇప్పటికే మూడు వారాలు పోయాయి.

సీజన్ పోతుందని కాక భయం. చెయ్యే పోతుందని డాక్టరమ్మ భయం. కొడుకు మాట్లాడకుండా చీటీ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

తమ్ముని గడియారం

ఇప్పుడు తమ్ముడు. వయసు 34 ఏండ్లు. అతడు చెరుకు కొట్టే మనిషి. బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1930లలో మొదలయింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఆ దిక్కు చెరుకు తగ్గి, వరి పెరిగింది. ఉన్న చెరుకు లారీల్లో వేరే ఫ్యాక్టరీలకు పోతున్నది. లారీ మీదికి మోపు అందించాలంటే చెయ్యి నెత్తి దాటాలి. దినానికి ఎన్ని మోపులో లెక్క ఉండదు.

తమ్ముని చెయ్యి పైదాకా లేస్తుంది. కానీ మధ్యలో నొప్పి.

చేతిని గడియారం ముల్లు అనుకోండి. కిందికి వేలాడితే 6 గంటలు. పక్కకు చాపితే 3 గంటలు. పైకి ఎత్తితే 12 గంటలు. తమ్ముడు పక్క నుంచి ఎత్తుతుంటే 4 దగ్గర నొప్పి మొదలయింది. 2 దాటగానే తగ్గింది. దించేటప్పుడు కూడా మళ్ళీ అక్కడే. ఈ 4కు, 2కు మధ్య నొప్పి వస్తే, పై పగ్గం వాచి, చెయ్యి లేచినప్పుడు పై ఎముక కింద ఒత్తుకుంటున్నదని అనుమానిస్తారు. 12 దగ్గరికి పోయినాక మాత్రమే భుజం పై కొసన నొస్తే, అక్కడి చిన్న కీలును చూస్తారు.

డాక్టరమ్మ అతని చేతిని ముందు నుంచి పైదాకా ఎత్తి చూసింది. ఇది నీర్ అనే డాక్టరు పేరు మీద ఉన్న పరీక్ష. తర్వాత మోచేయి వంచి, ముంజేతిని కిందికి తిప్పి చూసింది. ఇది హాకిన్స్, కెన్నడీల పేరు మీద ఉంది. రెండింటికీ తమ్ముడు అబ్బా అన్నాడు. బలం మాత్రం బాగానే ఉంది.

అతనికి స్కానింగ్ రాయలేదు. కొన్ని వారాలు నెత్తి దాటే బరువు మానమన్నది. చేతికి పని మొత్తం మానొద్దన్నది. కండలకు బలం వచ్చే కసరత్తు చూపింది.

ఇటువంటి పరీక్షలు ఇంకా చాలా ఉన్నాయి. ఒక్క దానితో జబ్బు తేలుతుందా? తేలదు. 2013లో ఇటువంటి పరీక్షల మీద జరిగిన 33 పరిశోధనలను ఒక్కచోట పెట్టి చూశారు. ఏ పరీక్షను నమ్మాలో చెప్పడానికి ఆధారం చాలదని తేలింది. అందుకే మంచి డాక్టరు ముందు కథ వింటారు. వయసు, పని, పడ్డది, రాత్రి నొప్పి, షుగర్, ఇవన్నీ అడిగి, నాలుగైదు పరీక్షలు కలిపి చూస్తారు. రెండు నిమిషాల్లో సూది వేసేచోట ఇది జరగదు.

ఇంట్లో ఏం చూసుకోవచ్చు?

అద్దం ముందు నిలబడి రెండు చేతులూ ఎత్తి చూసుకోవచ్చు. తలుపు పరీక్ష, గడియారం పరీక్ష చూసుకోవచ్చు. మంచి చేతితో పోల్చి చూడాలి. నొప్పి దగ్గర ఆగాలి. ఇంకొకరి చెయ్యి పట్టుకుని ఎత్తడం, వదలడం మనం చేయవద్దు. పడ్డ చేతికి అసలే వద్దు.

కొన్నిటికి పరీక్షలు అని కూర్చోవద్దు. భుజంతో పాటు రొమ్ము బరువుగా ఉండి, చెమటలు పట్టి, దమ్ము వస్తే అది గుండె నొప్పి కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. పడ్డ తర్వాత భుజం గుండ్రటి ఆకారం పోయి చదునుగా కనిపిస్తే గుండు జారినట్టు. లాగి ఎక్కించమని ఎవరికీ ఇవ్వొద్దు. అక్కడి నరాలు దెబ్బతింటాయి. తువ్వాలతో చెయ్యి మెడకు వేలాడగట్టి దవాఖానకు పోవాలి. భుజం ఎర్రగా వేడెక్కి, జ్వరం వచ్చినా అదే రోజు పోవాలి.

అక్క గోడ

అక్క రాత్రిబడిలో చదువు నేర్చింది. డాక్టరమ్మ గోడ కసరత్తు చెప్పింది. గోడకు ఎదురుగా నిలబడాలి. వేళ్ళతో గోడ మీద సాలెపురుగు లెక్క మెల్లగా పైకి పాకాలి. నొప్పి మొదలైన చోట కొంచెం సేపు ఆగి, దిగాలి.

అక్క ప్రతి ఐతారం వేలు ఆగిన చోట బొగ్గుతో గీత గీస్తున్నది. గీత పక్కన తేదీ రాస్తున్నది. ఎడమ చేత్తో రాస్తే అక్షరాలు వంకరపోతున్నాయని, కుడి చెయ్యి కిందికి దించి, చీటీ మీద కూడా రాసుకుంటున్నది. మొన్న దవాఖానకు ఆ చీటీనే పట్టుకుపోయింది.

"కుడి రెక్క. 11 వారాలు. ముందు గోడ మీద గీత నా ముక్కు ఎత్తు. ఇప్పుడు నా నెత్తి మీద జానెడు. రాత్రి నిద్ర పడుతున్నది. తలుపు ఇంకా తెరుస్తలేదు. షుగర్ పరగడుపున 128. జడ కోడలు వేస్తున్నది."